కోర్టులు తెరిచారు, కబుర్లకు రండి

రండి రండి, గొడుగు ఆ మూలన పెట్టి, కుర్చీ మీది కట్టలు కాస్త పక్కకి జరిపి కూర్చోండి. కిందటిసారి మీరొచ్చినప్పుడు రోహిణి ఎండలు, ఫ్యాను కింద కూడా చెమటలే. ఇప్పుడు మృగశిర చినుకులు పడ్డాయి, కోర్టులు తెరిచారు. బెజవాడలో మా వకీలాఫీసు మళ్లీ పెళ్లివారిల్లయింది. సివిలు వాళ్లు ముందు గదిలో, క్రిమినలు వాళ్లు వరండాలో, ఆస్తుల వాళ్లు మేడమీద, కంపెనీల పని చూసే కుర్రాళ్లు ఏసీ గదిలో. ఆ ఏసీ వచ్చే కక్షిదారుల కోసమట. ఆ కక్షిదారులేమో ఫోన్లోనే పని కానిచ్చేస్తారు.

అన్నట్టు, మా గొప్పలు చెప్పుకుంటానేమోనని బెదరకండి. వకీళ్లు ప్రకటనలిచ్చుకోకూడదని బార్ కౌన్సిల్ నిబంధన. గుమ్మానికి తగిలించే బోర్డు కూడా తగుమాత్రం సైజులోనే ఉండాలి. బెంజి సర్కిల్ ఫ్లెక్సీలు చూసినప్పుడల్లా మా పెద్ద వకీలుగారు నిట్టూర్చేది అందుకే.

ఇక తెరిచిన రోజు హడావిడంతా గుమాస్తాగారిదే. ప్రామిసరీ నోటు మీద దావాకి గడువు మూడేళ్లు. అది కోర్టు మూసి ఉన్న రోజున తీరిపోతే, తెరిచిన రోజున వేసుకోవచ్చని 1963 నాటి లిమిటేషన్ చట్టం నాలుగో సెక్షన్ చెబుతుంది. అందుకే సెలవుల్లో గడువు తీరిన నోట్లన్నీ ఆ ఒక్కరోజే క్యూ కడతాయి. మర్నాడంటే కాలదోషమే. ఎర్రట్ట డైరీ ఒళ్లో పెట్టుకుని, వేలు తడిచేసుకుంటూ, గుమాస్తాగారు ఒక్కో నోటూ వెలుతురుకి పట్టి చూస్తున్నారు. ఒకదాని మీద రెవెన్యూ స్టాంపూ దాని మీది సంతకమూ నూనె మరకలో మునిగి ఉన్నాయి. "బీరువాలో ఆవకాయ జాడీ ఎందుకు పెట్టారండీ?" అని అడిగితే, "బీరువాలో కాదండీ, నోటునే వంటింట్లో దాచాం" అన్నాడు ఆసామి.

ఇక వరండాలోకి వస్తే, అక్కడ బల్లకి రెండు పుస్తకాలు. 1860 నాటి శిక్షాస్మృతి 511 సెక్షన్లది, 2024 జులై 1 నుంచి దాని స్థానంలోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 358 సెక్షన్లది. ఆ తేదీకి ముందు జరిగిన నేరాలకు పాతదే వర్తిస్తుంది కాబట్టి ముసలి పుస్తకానికి ఇంకా రిటైర్మెంటు లేదు. మోసం కేసు 420 కాస్తా 318 అయింది. సెక్షనైతే మారింది గానీ తిట్టు మారలేదు. "వాడొట్టి త్రీ ఎయిటీన్ గాడండీ" అంటే ఎవరికీ కోపం రావడం లేదు మరి.

మేడమీద మాత్రం ఆషాఢం నిశ్శబ్దం. కొత్త కోడళ్లు పుట్టిళ్లకి, స్థలాల బేరాలు శ్రావణానికి. తొందరపడి దస్తావేజు మీద సంతకాలు పెట్టేసినవాళ్లు కంగారు పడక్కర్లేదు. సంతకాలైన నాలుగు నెలల్లోగా రిజిస్ట్రారు ముందు దాఖలు చేస్తే చాలు. ముహూర్తాలు తెలిసే ఆ గడువు పెట్టారా అని మా డాక్యుమెంట్ రైటరు అనుమానం.

అన్నట్టు, ఆషాఢానికి పుట్టింటికొచ్చిన ఒకావిడ ఈసారి చీరెలతో పాటు అడంగల్ నకలు కూడా పట్టుకెళ్లింది. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లలకు కొడుకులతో సమానంగా వాటా అన్నది మన ఆంధ్రప్రదేశ్‌లో 1986 సవరణతోనే వచ్చింది. 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా చేశారు. అయితే అప్పటికే పెళ్లయిన వాళ్లకు అందులో చోటు లేదు. 2005 సెప్టెంబరు 9 నుంచి అమలైన కేంద్ర సవరణతో వాళ్లకూ వాటా వచ్చింది. "మా బావగారు కూడా వచ్చారా?" అని తమ్ముడు అడిగితే, "వకీలుగారు వచ్చారురా" అందట అక్కయ్య.

ఇక బడులు తెరిచే నెల కదా, ఫీజులు కట్టి ఖాళీ అయిన ఖాతాల మీది చెక్కులన్నీ బంతుల్లా తిరిగొస్తున్నాయి. చెక్కు వెనక్కొచ్చిందని బ్యాంకు చెప్పిన 30 రోజుల్లో నోటీసివ్వాలి. అది అందాక 15 రోజుల్లో సొమ్ము రాకపోతే, ఆపై నెలలోగా కోర్టుకి ఫిర్యాదు. "రేపిస్తానన్నాడండీ, ఆగాను" అంటూ మూడు నెలలకు వచ్చేవాళ్లను చూస్తే జాలీ కోపమూ ఒక్కసారే వస్తాయి.

ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడ్చాడని సామెత కదా. ఇద్దరూ ఏడవకుండా ఉండే చోటు లోక్ అదాలత్. రాజీ పడితే కట్టిన కోర్టు ఫీజు వెనక్కిస్తారు, దాని మీద అప్పీలు కూడా ఉండదు. కిందటిసారి ఇద్దరు అన్నదమ్ములు గట్టు తగాదా అక్కడే తేల్చుకుని, ఒకే బండి మీద ఊరెళ్లారు. పెట్రోలు ఎవరు కొట్టించాలన్న దగ్గర మళ్లీ మొదలైందని విన్నాం.

అన్నట్టు, ఏసీ గది కుర్రాళ్లకి సెప్టెంబరు నెలాఖరు దాకా కంటి మీద కునుకుండదు. ఏటా కంపెనీల వార్షిక సమావేశాలకి సెప్టెంబరు 30 గడువు. దానికి తోడు, పది మందికి తగ్గకుండా పనిచేసే ప్రతిచోటా లైంగిక వేధింపులపై ఆడవాళ్ల ఫిర్యాదులు వినే కమిటీ ఉండాలని 2013 చట్టం. అది గుర్తుచేస్తే "మా దగ్గర అలాంటివేమీ జరగవండీ" అంటారు యజమానులు. జరిగాక వేసుకునే గొడుగు కాదని చెప్పి పంపుతున్నాం.

ఇక వాయిదాల సంగతి. ప్రతి కేసుకీ పదహారు అక్షరాంకెల సీఎన్‌ఆర్ నంబరుంది, ఫోన్లో కొడితే తేదీ వచ్చేస్తుంది. "వాయిదా ఎప్పుడండీ?" అని అడిగే కక్షిదారు, ఇప్పుడు "వాయిదా బుధవారమట కదండీ" అని మాకే చెబుతున్నాడు. అయినా గుమాస్తాగారి ఎర్రట్ట డైరీ మూతపడలేదు. కరెంటు పోయినా అది తెరుచుకుంటుంది మరి.

సరే, వాన తగ్గింది, గొడుగు మరిచిపోకండి. ఇంటికెళ్లాక ముందు మీ బీరువా తీసి నోట్ల మీది తేదీలు చూసుకోండి. మూడేళ్లు దగ్గర పడుతుంటే, గడువు తీరకముందే ఎంతో కొంత సొమ్ము పుచ్చుకుని, నోటు వెనక బాకీదారు చేతే చెల్లు రాయించి సంతకం పెట్టించుకోండి. ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు మీవే.