రుషికొండ ఒడ్డున చుక్క కోసం వేట

వైజాగ్ వస్తే అందరూ రుషికొండలో సెల్ఫీ దిగి, భీమిలి రోడ్డెక్కేస్తారు. 2020లో బ్లూ ఫ్లాగ్ వచ్చిన బీచ్ కదా, ఫొటోలకి ఢోకా లేదు. నేను మాత్రం మొన్న పొద్దుటంతా అక్కడో జెట్‌స్కీలో తల దూర్చి కూర్చున్నా!

అది మా బావది. అప్పు చేసి కొన్న పాత బండి. ముందురోజు అలల అవతల వెనకభాగం బరువెక్కి కుంగిపోయింది. వెనకాల ఓ కాలేజీ కుర్రాడు. ఎలాగో ఒడ్డుకి చేర్చాడు గానీ, రాత్రంతా బావకి నిద్ర లేదు.

"ఆదివారం బేరం పోతే పోనీరా. ఆడికేదైనా అయ్యుంటే ఆళ్లమ్మకి ఏటి సెప్పాల?"

డ్రెయిన్ ప్లగ్గులు బిగుతుగానే ఉన్నాయి. ఇంజన్ ఆపి అరగంట నీళ్లలో వదిలాం. లోపల పొడి! అంటే అడుగున చిల్లు లేనట్టే. ఇంజన్ నడిచినప్పుడే కారుతోంది.

ట్రాలీ ఎక్కించి, ఫ్లషింగ్ పైపు తగిలించాం. ముందు ఇంజన్, తర్వాతే కుళాయి. తారుమారైతే నీళ్లు ఇంజన్‌లోకే పోతాయి. ఎక్కువసేపు నడపకూడదు కూడా. ఒక్కో గొట్టం కింద పాత పేపర్ ముక్క పెట్టి, ఫోన్ టార్చ్ కొట్టా. మూడోది తడిసింది. కూలింగ్ గొట్టానికి, సరిగ్గా క్లిప్పు కింద, సన్నటి చీలిక. చేత్తో తడిమితే తెలీదు, నీటి ఒత్తిడికే తెరుచుకుంటోంది!

కొత్త గొట్టం, రెండు క్లిప్పులు. బావ ఒక్కడే ఓ రౌండేసి వచ్చి, సీటెత్తి చూశాడు. పేపర్ పొడిగానే ఉంది. అయినా ఆ పూట ఎవరినీ ఎక్కించుకోలేదు.