అవ్వ మిషన్లో ఎర్ర పాదరసం లేదు



పోస్టు పెద్దదే, తీరిగ్గా చదవండి. మీ ఇంట్లో మంచం కిందనో అటక మీదనో పాత కుట్టు మిషను పడుంటే మాత్రం ఇప్పుడే చదవండి. దాన్ని అడుగుతూ ఎవరైనా కారులో వచ్చి ఉంటే ఇంకా ముందు చదవండి.

ఇది రాస్తున్నది మేము ముగ్గురం. ఒకరిది మదనపల్లెలో డిగ్రీ, ఒకరిది కుప్పం ద్రావిడ విశ్వవిద్యాలయంలో పీజీ. మూడో మనిషి ఇంటర్‌తో ఆపేసి పుంగనూరులో ఒక టైలర్ దగ్గర పని చేస్తున్నాడు. ఇందులో అసలు పనిమంతుడు వాడే, మిగతా ఇద్దరం టార్చి పట్టుకున్నోళ్ళం.

సంక్రాంతి సెలవులకు తండాకు పోతే అవ్వ ఇంట్లో గొడవ జరుగుతా ఉంది. మామ రెండు పాడి ఆవుల్ని అమ్మడానికి బేరం కుదుర్చుకున్నాడు. ఎందుకంటే, నలభై వేలు కట్టాలంట. ఎవరికి కట్టాలంటే, అవ్వ కుట్టు మిషన్ని ముప్పై లక్షలకు కొంటామని వచ్చినాయనకు! మిషన్లో ఎర్ర పాదరసం ఉందంట, దాన్ని తేల్చే యంత్రం చెన్నై నుంచి తెప్పించాలంట, ఆ ఖర్చు మాత్రం మనం పెట్టుకోవాలంట. అతను మిషను సూది దగ్గర సెల్‌ఫోన్ పెట్టి చూపించినాడు. మాట్లాడుతున్న కాల్ కట్ అయిపోయింది. "చూసినారా, పాదరసం లాగేసింది" అన్నాడంట. అవ్వ ఇంట్లోకి అడుగు పెడితే ఎవరి ఫోన్‌కైనా సిగ్నల్ పోతుంది. కాల్ మాట్లాడాలంటే మేమంతా వేపచెట్టు కిందికి పోయేది అందుకే. మామకు ఆ సంగతి గుర్తు రాలేదు. ముప్పై లక్షలనే మాట వింటే ఎవరికైనా గుర్తు రాదులెండి.

పోతా పోతా అతను 'శాంపిల్' అని మిషన్లోంచి ఒక చిన్న ముక్క తీసుకుపోయినాడు. దాని గురించి తర్వాత చెప్తాం.

రైస్ పుల్లింగ్ చెంబుల కథలు మన పక్క అందరం విన్నవే. ఇది దానికి తమ్ముడు. 2009లో సౌదీ అరేబియాలో అచ్చం ఇదే పుకారు లేచింది. పాత సింగర్ మిషన్ల సూదుల్లో ఎర్ర పాదరసం ఉందని, సెల్‌ఫోన్ దగ్గర పెడితే లైన్ తెగిపోతుందని జనం ఎగబడినారు. ఎందుకూ కొరగాని పాత మిషన్లకు లక్షల రియాళ్ళ దాకా బేరాలు పోయినాయి, చివరికి పోలీసులు దిగాల్సి వచ్చింది. ఎర్ర పాదరసం అనే మహిమ గల పదార్థం ప్రపంచంలో ఎక్కడా లేదు. మేము ఫోన్లో ఆ వార్తలు తీసి చూపించినాం. మామ నమ్మలేదు. "అది సౌదీ కదరా, ఇది వేరే మిషను" అన్నాడు.

అయితే ఇది ఏ మిషనో తేలుద్దామని అనుకున్నాం. తేల్చాక విప్పుదాం, అందరి ముందూ, ఒక్కో మరా. లోపల ఏముందో మామే చూసుకుంటాడు.

అవ్వను అడిగితే ఒకటే మాట అనింది, మన భాషలో: "విప్పండి. మళ్ళీ బిగిస్తారా?" లక్షల గురించి ఒక్క ముక్క అడగలేదు.

ఆ మిషన్ని తాత తెచ్చినాడు. కోలారు బంగారు గనులకు కూలికి పోయిన రోజుల్లో, గనుల్లో పని చేసే ఒక ఆంగ్లో ఇండియన్ కుటుంబం ఊరు విడిచి పోతా సామాన్లు అమ్ముకుంటే కొన్నాడంట. అప్పట్నుంచి తండాలో ఏ పెళ్ళయినా పేటియాల పొడుగు కుట్లు దాని మీదే పడినాయి. అద్దాలూ గవ్వలూ దారపు పనీ చేత్తోనే, అందులో మిషనుకు పని లేదు. కానీ అన్ని మూరల గుడ్డకు కుచ్చులు పట్టి నడుం పట్టీకి కలపడం, అంచు మీద అంచు వేయడం చేత్తో అయితే రోజులకు రోజులు. పేటియాలు తగ్గి చీరలు వచ్చినాక అవ్వ జాకెట్లు కుట్టింది, బడి యూనిఫారాలు కుట్టింది. మాలో ఇద్దరం ఆ యూనిఫారం వేసుకుని బడికి పోయినోళ్ళమే. చక్రం పట్టేసినాక మిషను మంచం కిందికి పోయింది.

ఇప్పుడు ఏ మిషనో ఎట్లా తెలుసుకోవాలో చెప్తాం. మీద పేరు చూసి నమ్మొద్దు. బంగారు రంగు అక్షరాలు అరిగిపోయి ఉంటాయి, పైగా సింగర్‌ను చూసి అదే ఆకారంలో చేసినవి, పేరు కూడా దగ్గర దగ్గరగా పెట్టుకున్నవి బోలెడు. సింగర్ అయితే బల్ల మీద కుడివైపు, స్తంభం మొదట్లో ఇనుములోకి గుద్దిన నంబరు ఉంటుంది. మాకు ముందు కనపడలేదు, అంత జిడ్డు. కిరోసిన్ గుడ్డతో తుడిచి, సుద్దముక్క రుద్ది, పక్కనుంచి టార్చి వేస్తే తేలింది: ఎఫ్ అక్షరం, వెనకాల ఏడు అంకెలు. 1900 నుంచి సింగర్ వాళ్ళు నంబరు ముందు అక్షరం పెట్టినారు, అది ఏ ఫ్యాక్టరీయో ఏ కాలమో చెప్తుంది. ఎఫ్ వరుస స్కాట్లాండ్‌లోని క్లైడ్‌బ్యాంక్ ఫ్యాక్టరీది, 1910 నుంచి ఒక దశాబ్దం పాటు నడిచింది. 1885లో తెరిచి 1980లో మూసేసిన ఫ్యాక్టరీ అది. మన దేశానికి వచ్చిన పాత సింగర్లలో చాలావరకు అక్కడివే. ఇ అక్షరంతో మొదలయ్యే రెండక్షరాల నంబరు ఉంటే 1935 తర్వాతది అనుకోవచ్చు.

1919లో టాగూర్ మదనపల్లె బీసెంట్ కాలేజీలో కూర్చుని జనగణమనను ఇంగ్లీషులోకి మార్చిన రోజులకు ఈ మిషను అటూ ఇటూగా ఈడుది. మదనపల్లె వాడు ఈ మాట నాలుగు సార్లు చెప్పినాడు, ఇక్కడ రాయకపోతే ఊరుకోడు.

నంబరు కన్నా ముఖ్యం అడుగున ఉండే బాబిన్. గుండ్రంగా బిళ్ళలా ఉంటే బతికిపోయినట్టే. ఉషా లాంటి మన దేశపు నల్ల మిషన్లు ఎక్కువభాగం సింగర్ పదిహేనో నంబరు మోడల్‌ను చూసి చేసినవే. వాటి సామాన్లు లూధియానాలో ఇప్పటికీ తయారవుతాయి, పుంగనూరులోనే దొరుకుతాయి. బాబిన్ సన్నగా పుల్లలా ఉండి, అది పడవ లాంటి షటిల్లో కూర్చునేదైతే మాత్రం అది పాతకాలపు రకం. గుండ్రటి బాబిన్ మిషన్లో కొక్కెం తిరుగుతుంది. ఇందులో పడవ ముందుకూ వెనక్కూ ఊగుతుంది. సూది కిందికి దిగి, కొంచెం పైకి లేచేటప్పుడు దారం చిన్న ఉచ్చులా నిలబడుతుంది, పడవ ముక్కు ఆ ఉచ్చులో దూరి పోతుంది. అదే కుట్టు. అవ్వది ఈ పడవ రకం, చేత్తో తిప్పేది, వెనక్కి కుట్టడం లేదు.

ఆ కారు మనిషి శాంపిల్ అని జేబులో వేసుకుపోయింది ఏదో ఇప్పుడు అర్థమైంది కదా? ఆ పడవనే, బాబిన్‌తో సహా.

విప్పడం వరండాలో జరిగింది. తండాలో సగం మంది వచ్చినారు. అవ్వ ఇడ్లీ రేకులు తెచ్చి ఇచ్చింది, ఒక్కో భాగం మరలు ఒక్కో గుంటలో వేసినాం. ప్రతి దశకూ ఫోటో తీసినాం. ఈ రెండూ మర్చిపోకండి, లేకపోతే బిగించేటప్పుడు ఏడుస్తారు. మర గాడికి సరిపోయే వెడల్పు స్క్రూడ్రైవరే వాడండి. చిన్నది పెట్టి తిప్పితే గాడి అరిగిపోయి ఆ మర జన్మలో రాదు. రానిదాని మీద కిరోసిన్ చుక్క వేసి రాత్రంతా వదిలేయండి. సూది పక్క మూత తీస్తే రెండు కడ్డీలు, ఒక స్ప్రింగు. పైన రంధ్రాలన్నీ నూనె పోసే రంధ్రాలే. అడుగున పడవను ఊపే చెయ్యి. అంతా ఇనుమే. మామ ఒక్కో ముక్కా చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, పక్కన పెట్టినాడు. చివరి ముక్క పెట్టినాక ఏమీ అనకుండా లేచి ఆవుల దగ్గరికి పోయినాడు. సాయంత్రానికి బేరం వద్దని చెప్పి పంపినాడు.

కారు మనిషికి ఫోన్ చేసి షటిల్ తిరిగి ఇమ్మంటే, ఇస్తాను ఇస్తాను అన్నాడు. తర్వాత ఫోనే తీయలేదు.

చక్రం పట్టేయడానికి కారణం కొబ్బరినూనె. మిషను నూనె లేనప్పుడు అవ్వ అదే పోసేది. ఏళ్ళు గడిచేకొద్దీ అది బంక అయిపోతుంది. వంటింటి నూనెలు ఏవీ పోయొద్దు. కిరోసిన్ చుక్కలు వేసి, చక్రాన్ని బలం పెట్టకుండా ముందుకూ వెనక్కూ ఆడిస్తా పోతే రెండో రోజుకు వదిలింది. నల్లటి జిగురు కారింది. తుడిచేసి ప్రతి రంధ్రంలోనూ మిషను నూనె రెండు చుక్కలు. కిరోసిన్ కడగడానికే, అది నూనె కాదు. పై పూతకు థిన్నరు, స్పిరిటు తగలనియ్యకండి, బంగారు పూలు గుడ్డకు అంటుకుని వచ్చేస్తాయి. మేము ఒక పువ్వు పోగొట్టినాం. అవ్వ చూసింది కానీ ఏమీ అనలేదు.

ఇక షటిల్. పుంగనూరులో లేదు. మదనపల్లెలో మూడు షాపులు తిరిగినాం. ఒకాయన "ఇది ఇనుప సామాన్లోడికి వెయ్, కొత్త మిషను కిస్తుకు ఇస్తాను" అన్నాడు. కుప్పం నుంచి రైలెక్కి బెంగళూరు చిక్‌పేట వైపు పోయినాం. అక్కడ ఒక షాపులో కొత్తగా తయారైన పడవ షటిల్ దొరికింది. తెచ్చి పెడితే నాలుగు కుట్లకు ఒకసారి దారం తెగుతా ఉంది. ముక్కు దగ్గర గోటితో రాస్తే గరుకు. సన్న ఎమరీ కాగితంతో రుద్దినా పూర్తిగా పోలేదు.

చివరికి కుప్పంలోనే దొరికింది, మేము రైలెక్కిన స్టేషన్‌కు నడిచేంత దూరంలో! ఒక ముసలి టైలర్ దుకాణం వెనక పడవ రకం మిషను ఒకటి, విరిగిపోయినది, తలుపుకు అడ్డం పెట్టుకుని ఉన్నాడు. అడిగితే అందులోంచి షటిల్ తీసి లుంగీతో తుడిచి మా అరచేతిలో పెట్టినాడు. అద్దంలా ఉంది దాని ముక్కు. డబ్బులిస్తామంటే వద్దన్నాడు, ఎవరు కుట్టేదని అడిగినాడు. మా అవ్వ అన్నాం. ఆయనే రెండు పాత బాబిన్లు కూడా ఇచ్చి, సూది గురించి మేము చేస్తున్న తప్పు చెప్పినాడు. సూదికి ఒక పక్క పొడుగు గాడి ఉంటుంది, దారం ఆ గాడి పక్కనుంచే కంట్లోకి పోవాలి. మేము తిరగేసి పెట్టినాం. బెంగళూరు షటిల్ కూడా అంత చెడ్డది కాదేమో, ఎవరికి తెలుసు. సూది మాత్రం మామూలుదే, హెచ్‌ఏ×1 అని ప్యాకెట్ మీద ఉంటుంది, ఏ ఊళ్ళోనైనా దొరుకుతుంది. కాబట్టి సూదులు దొరకవని ఎవరైనా చెప్పి మీ మిషన్ని తూకానికి అడిగితే నమ్మకండి.

అవ్వ ముందర పెట్టినాం. బాబిన్‌కు దారం చుట్టే చోట గుండె ఆకారం చక్రం ఒకటి ఉంటుంది, అది తిరిగేకొద్దీ దారం అటూ ఇటూ జరుగుతా సమంగా చుట్టుకుంటుంది. దాన్ని చూస్తా కూర్చుంది కాసేపు. తర్వాత పాత లుంగీ ముక్క ఒకటి పాదం కింద పెట్టి చక్రం తిప్పింది. మేము పైన చూస్తున్నాం, అవ్వ గుడ్డ తిరగేసి అడుగు చూసింది. అడుగున దారం వదులుగా ఉచ్చులు ఉచ్చులుగా ఉంది. "పై దారం బిగించండి" అనింది. పైన బిర్రు తక్కువైతే అడుగున ఉచ్చులు, ఎక్కువైతే కింది దారం పైకి కనపడుతుంది. అవ్వకు చెప్పేవాళ్ళు ఎవరూ లేరు, చూసి చూసి నేర్చుకుంది. మూడోసారికి కుట్టు సరిగా పడింది.

మామ కూతురికి వచ్చే ఏడాది పెళ్ళి. పేటియా అవ్వే కుడుతుందంట. మామ అద్దాలు కొనడానికి డబ్బులు ఇచ్చినాడు.

ఒక్క పని మిగిలింది, అందుకే ఈ పోస్టు. షటిల్ పైన జరిపే రేకులు రెండు ఉండాలి, ముందరిది ఎప్పుడో పోయింది. అది లేకపోతే గుడ్డ పడవలోకి దిగబడుతుంది. పౌడర్ డబ్బా రేకు కత్తిరించి పెట్టినాం కానీ అంచు గుడ్డను పట్టుకుంటా ఉంది. మీ తండాల్లో, కాలనీల్లో, పాత ఇనుప సామాన్లోళ్ళ దగ్గర పడవ షటిల్ ఉన్న సింగర్ కనిపిస్తే, పని చేయనిదైనా సరే, ఆ రేకు పక్కన స్కేలు పెట్టి ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. నంబరు ఏ అక్షరంతో మొదలైందో కూడా రాయండి. ఖర్చు మేము పెట్టుకుంటాం, బస్సులో మేమే వచ్చి తీసుకుంటాం.