పటం మీది రాజ్యం

డిగ్రీ చదివే రోజులలో ఒక వేసవి సెలవులకు నేను పదిహేను దినాలు పోర్చుగల్‌ను ఏలాను. కిరీటం లేదు, సింహాసనం లేదు. ఉన్నదల్లా మా ముందుగదిలో ఒక కంప్యూటరు, దాని ఎదుట ఒక చెక్క కుర్చీ. నాకు ఆ రాజ్యాన్ని ప్రసాదించినది స్వీడన్ దేశపు పారడాక్స్ సంస్థ 2013లో వెలువరించిన ‘యూరోపా యూనివర్సాలిస్ 4’ అనే ఆట.

ఈ ఆట 1444 నవంబరు 11న మొదలవుతుంది. తెర మీద ప్రపంచపటమంతా రంగురంగుల రాజ్యాలుగా పరచుకొని ఉంటుంది. వాటిలో నచ్చినదానిని ఎంచుకొని 1821 వరకు పాలించవచ్చు. విజయనగరం కూడ అందులో ఉంది. అప్పుడు దానిని ఏలుతున్నవాడు శ్రీనాథునికి కనకాభిషేకం చేయించిన ప్రౌఢదేవరాయలే. అయినా నేను ఐరోపా పడమటి అంచున, వెనుక కాస్టీల్‌కు, ముందు మహాసముద్రానికి నడుమ ఇరుకున పడిన పోర్చుగల్‌నే కోరుకున్నాను. చిన్న రాజ్యాన్ని పెద్దది చేయాలన్నదే నా ఉబలాటం.

ఓడలు కట్టించాను. ఆఫ్రికా తీరం వెంబడి ఒక్కొక్క రేవునే ఆక్రమిస్తూ సాగాను. చరిత్రలో వాస్కోడగామా 1498లో కోళికోడ్ తీరం చేరాడు. నా నౌకలు అంతకు ముందే హిందూ మహాసముద్రంలో అడుగుపెట్టాయి. నా ఆనందానికి అవధులు లేవు.

ఈ ఆటలో ప్రతి ప్రాంతానికీ ఒక సరుకు ఉంటుంది. ఒకచోట ఏనుగు దంతం, ఒకచోట బంగారం. ఒకనాటి రాత్రి నేను జయించిన పశ్చిమాఫ్రికా ప్రాంతంలో ఆ సరుకు పేరు ‘బానిసలు’. ఆ పేరు చదివి కూడ నేను ఒక్క క్షణం ఆగలేదు. నెలసరి రాబడి పెరిగిందని సంతోషించి, మరి రెండు ఓడలకు ఆజ్ఞ ఇచ్చాను.

ఇంకా నేర్పుగా ఆడాలనే ఆశతో గ్రంథాలయానికి వెళ్లి పోర్చుగల్ చరిత్రను తిరగవేశాను. ఒక పుట దగ్గర నా చేయి ఆగిపోయింది. 1444 ఆగస్టు 8న పోర్చుగల్ దక్షిణ తీరంలోని లాగోస్ పట్టణంలో, ఆఫ్రికా నుండి పట్టి తెచ్చిన 235 మందిని ఓడల నుండి దింపి వాటాలు వేసుకున్నారు. బిడ్డలు తండ్రుల వైపు పరుగెత్తారనీ, తల్లులు పసివారిని హత్తుకొని నేల మీద పడిపోయి దెబ్బలు ఓర్చుకున్నారనీ ఆస్థాన చరిత్రకారుడు జురారా వ్రాసి ఉంచాడు. రాకుమారుడు హెన్రీ గుర్రం మీద కూర్చొని ఆ పంపకాన్ని చూచాడు. అతని వాటాకు వచ్చినవారు 46 మంది.

నేను రాజ్యానికి వచ్చిన తేదీని తలచుకున్నాను. ఆ పంపకం జరిగి అప్పటికి మూడు నెలలు మాత్రమే అయింది. మూడు నెలల క్రితం ఏడ్చిన ఆ తల్లులు నా పటంలో ఎక్కడ ఉన్నారు? నా రాబడి అంకెలో ఉన్నారు. రాకుమారునికి గుర్రం ఎంత ఎత్తునిచ్చిందో, నాకు నా చెక్క కుర్చీ అంత ఎత్తునూ ఇచ్చింది. అంత ఎత్తు నుండి చూచినవారికి నేల రంగుగానూ, మనిషి లెక్కగానూ కనిపిస్తారు. ఆట ఆ మాటను దాచలేదు. చూచి కూడ చూడనివాణ్ణి నేనే.

ఆ తరువాత కూడ నేను ఆట మానలేదు. అయితే తెర మీద ఒక ప్రాంతం నా రంగులోకి మారినపుడల్లా, అక్కడ ఎవరు ఉండేవారు అని ఆలోచించడం అలవాటయింది. 1510లో పోర్చుగీసువారు గోవాను గెలిచారని చదివినా అదే ప్రశ్న. మన రాజుల దిగ్విజయాలను చదివి ఛాతీ పొంగినపుడు కూడ అదే ప్రశ్న. ఆ రెండవ చోట ఆ ప్రశ్న వేసుకోవడం కష్టం. కష్టమైనా వేసుకుంటున్నాను. లాగోస్‌లో బిడ్డను హత్తుకొని నేల మీద పడిన ఆ తల్లి పేరు ఏ చరిత్రకారుడూ వ్రాయలేదు. ఏ రాజ్యపు కథ చదువుతున్నా ఇప్పుడు నేను వెదుకుతున్నది ఆమెనే.