డొమ్లూరు మీది విమానాలు

ఒకప్పుడు విమానం ఎక్కే స్తోమత లేనివాళ్లు కూడా విమానాశ్రయానికి టికెట్టు కొనేవాళ్లు. బెంగళూరు హెచ్ఏఎల్ విమానాశ్రయంలో సందర్శకుల టికెట్టు తీసుకుంటే లోపలికెళ్లి, ఎక్కేవాళ్లనీ దిగేవాళ్లనీ కళ్లారా చూసి రావచ్చు. చిత్తూరు నుంచి చుట్టాలొస్తే లాల్‌బాగ్, విధానసౌధ, ఆ తర్వాత ఇదే. ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో చాక్లెట్లు, చెవుల్లో పెట్టుకోను దూదీ ఇస్తారని పిల్లలందరికీ తెలుసు. ఎవరు చెప్పారో మరి, విమానమెక్కిన మనిషి మా వీధిలో ఒక్కరూ లేరు.

మేముండేది డొమ్లూరులో. పడమటి నుంచి రన్‌వే మీదికి దిగే విమానాలు మా మిద్దె పక్కగా, చక్రాలు కనబడేంత కిందుగా పోయేవి. నాన్న హెచ్ఏఎల్‌లో ఫిట్టరు. తలెత్తకుండానే ఇది ఆవ్రో, అది బోయింగు, ఆ చెవులు చిల్లులు పడేది జాగ్వారు అని చెప్పేవాడు. ఆ విద్య మాకూ కొంత అబ్బింది. 1989లో ఎయిర్‌బస్ ఎ320లు కొత్తగా వచ్చినప్పుడు, వాటి మోత వేరేగా ఉందని మేమే నాన్నకి చెప్పాం.

1990 ఫిబ్రవరి 14, బుధవారం. ఒంటిగంట దాటింది, బళ్లో అన్నాలు తింటున్నాం. నా డబ్బాలో చిత్రాన్నం. బొంబాయి విమానం వచ్చే వేళే. ఎండ బాగా కాస్తోంది, ఆకాశంలో మబ్బు తునక లేదు. గోడ అవతల చెట్ల మీదుగా అది పోవడం చూశాను. ఎప్పటికన్నా కిందుగా ఉంది. నాకు అంతకన్నా వింతగా తోచింది, మోత లేకపోవడం. ఉండాల్సిన హోరు లేదు. చెట్ల వెనక్కి వెళ్లాక ఒక్కసారి ఇంజన్లు గట్టిగా అరిచాయి. ఆ వెంటనే దబ్బుమని ఒక చప్పుడు, కాసేపటికి ఇంకోటి. తర్వాత నల్లటి పొగ.

ఆ కొత్త ఎ320ల్లో ఒకటది. గోల్ఫ్ కోర్సులో నేలకు తగిలి, ఎగిరి, మళ్లీ పడి, కాలవ గట్టును గుద్దుకుని, విమానాశ్రయం ప్రహరీకి ఇవతలే తగలబడింది. అందులో ఉన్న 146 మందిలో 92 మంది పోయారు. మా పక్కింటి అన్న ఒకతను ఆ గోల్ఫ్ కోర్సులో క్యాడీ. సాయంత్రం మోకాళ్ల దాకా కాలవ బురదతో వచ్చి, బయట కొళాయి దగ్గరే కూర్చుండిపోయాడు. వాళ్లమ్మ బిందెతో నీళ్లు పోస్తుంటే, కాళ్లు కడుక్కోకుండా అరచేతులే కడుక్కుంటూ ఉన్నాడు. మేం చుట్టూ చేరి ఏమేం చూశావని అడిగాం. పిల్లలం కదా, అడుగుతాం. అతను చెప్పలేదు, ఆ తర్వాతెప్పుడూ చెప్పలేదు.

ఆ మోత లేకపోవడానికి అర్థం నాకు చాలా ఏళ్లకు, విచారణ సంగతులు చదివినప్పుడు తెలిసింది. దిగేటప్పుడు విమానం ఉండకూడని పద్ధతిలో, ఇంజన్లు ఐడిల్‌లో ఉండగా దిగుతూ వచ్చింది. వేగం పడిపోతున్నట్టు పైలట్లు గమనించేసరికి నేల దగ్గరపడింది. లివర్లు ముందుకు నెట్టారు. జెట్ ఇంజన్ అడిగిన క్షణాన బలం ఇవ్వదు, పుంజుకోవడానికి కొన్ని సెకన్లు పడుతుంది. నేను విన్న అరుపు ఆ సెకన్లదే. తప్పు మనుషులదేనని విచారణలో తేల్చారు. అలా తప్పు చేయనిచ్చిన కొత్త యంత్రానికి ఇందులో పాలు లేదా అన్న వాదన మాత్రం ఆగలేదు, నాకూ ఆ వాదనలో న్యాయం కనబడుతుంది. ప్రమాదం తర్వాత ప్రభుత్వం ఎ320లన్నిటినీ కొన్ని నెలలు నేలమీదే ఉంచింది. మా చెవులు పాత బోయింగులకి మళ్లీ అలవాటుపడ్డాయి.

నిజం చెప్పాలంటే, ఆ 92 మంది మా వీధికి పరాయివాళ్లు. అయ్యో అనుకున్నాం. కానీ అది డబ్బున్నవాళ్లకు మాత్రమే రాగల చావు. రైలు పట్టాలు తప్పిందంటే మా అమ్మ ఏ ఊరి బండి అని ఆదుర్దాగా అడిగేది. ఆ రోజు అలా అడగలేదు.

2003లో ఎయిర్ డెక్కన్ వచ్చింది. ఆర్.కె. లక్ష్మణ్ గీసిన సామాన్యుడే వాళ్ల గుర్తు. అన్నం పెట్టరు, మంచినీళ్లు కూడా కొనుక్కోవాలి, సీటు నంబరు లేదు, ముందెక్కినవాళ్లది ముందు సీటు. అచ్చం మా పల్లెవెలుగు బస్సే. మా అక్కను చూడ్డానికి హైదరాబాదు పోవాలని అమ్మ అంటే నేను అందులో టికెట్లు తీశాను. ఇప్పుడు ఆ ఎయిర్‌లైన్సు లేదు, మేం ఎక్కిన హెచ్ఏఎల్‌నీ దిగిన బేగంపేటనీ కూడా 2008లో మామూలు ప్రయాణాలకు మూసేశారు.

తిరుగు ప్రయాణంలో ముందు సీటు సంచిలో ఉన్న కార్డు మీద ఎ320 అని చూశాను. అమ్మకి చెప్పలేదు. కిటికీ సీటు ఆమెదే. దిగుతుంటే గోల్ఫ్ కోర్సు పచ్చగా పైకి వస్తోంది. నా కళ్లు దాని మీద లేవు, ప్రాణమంతా చెవుల్లోనే ఉంది. ఇంజన్లు హోరెత్తుతున్నాయి. అంత ఇంపైన రొద నేనింకెక్కడా వినలేదు.

చక్రాలు నేలను తాకాయి. అమ్మ నా చెయ్యి పట్టుకుని, “ఇక్కడే కదరా ఆ పొద్దు పడింది?” అంది. అవునన్నాను. “అందులో ఎవురన్నా బిడ్డ కాడికి పోయి వస్తా ఉన్నోళ్లు ఉంటారు పాపం” అని, వంగి చెప్పులు వెతుక్కుంది.