నంది కొండ
ఆదివారం తెల్లవారకముందే బాగేపల్లి, చింతామణి ఊళ్ల నుండి జనం నంది కొండకు బయలుదేరుతారు. కొండ ఎత్తు 1478 మీటర్లు. దారంతా పొగమంచు, చెట్లలో పక్షుల కూతలు. కొండ కింద వెయ్యేళ్లు దాటిన భోగనందీశ్వరుని గుడి, కొండ మీద యోగనందీశ్వరుని గుడి ఉన్నాయి. శిఖరం చుట్టూ టిప్పు సుల్తాన్ బలపరచిన కోటగోడ. 1791లో కారన్‌వాలిస్ సేనలు ఆ గోడను పగులగొట్టి దుర్గాన్ని పట్టుకున్నాయి.

ఈ కొండల వరుసలోనే పెన్నేరు పుట్టింది. అనంతపురం, కడప సీమలు దాటి, నెల్లూరు మీదుగా బంగాళాఖాతంలో కలుస్తుంది. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం మాట్లాడే పిల్లలకు ఆ ఏరు దగ్గరి చుట్టం.

కోటగోడ దగ్గర ఒక పిల్లవాడు గులకరాయితో తన పేరు గీయబోయాడు. తాత చేయి పట్టుకుని, “కట్టినోళ్లే పేరు రాసుకోలేదు గదరా!” అన్నాడు. పిల్లవాడు సిగ్గుపడి రాయి కింద పడేశాడు.

దక్షిణాఫ్రికాలో క్రూగర్ జాతీయవనం ఉంది. ఏనుగులు తిరిగే ఆ అడవిలో తులమేల అనే పాత రాతి పట్టణం ఉంది. కూలిన దాని గోడలను 1990లలో మళ్లీ నిలబెట్టారు. అడవినీ, చరిత్రనూ అక్కడ కలిపే కాపాడుతున్నారు.

నంది కొండలోనూ చెట్టూ పిట్టా, గుడీ గోడా ఒకే ఇంటివి. వాటిని చెడకుండా తరువాతివారికి అప్పగించడం కొండెక్కే ప్రతి ఒక్కరి బాధ్యత.