బుద్ధుడి దగ్గరికి పడవలో

హుస్సేన్ సాగర్ ఒకప్పుడు మంచినీళ్ళ చెరువు. ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలంలో, 1562 ప్రాంతంలో, హుస్సేన్ షా వలీ దీన్ని తవ్వించాడు. ఉస్మాన్ సాగర్ (1920), హిమాయత్ సాగర్ (1927) వచ్చేదాకా నగరం దీని నీళ్ళు తాగింది. ఇప్పుడు ఎవరూ తాగరు, చూస్తారు. చుట్టూ లుంబినీ పార్కు, ఎన్టీఆర్ గార్డెన్స్, నెక్లెస్ రోడ్డు, ఐమాక్స్. చెరువు మధ్య బుద్ధుడు. ఊరినుంచి చుట్టాలొస్తే చూపించాల్సిన వరుస ఇది.

మొన్న వేసవిలో మా ఆవిడ పిన్నిగారు తెనాలి నుంచి వస్తే లుంబినీ పార్కులో పెద్ద పడవ ఎక్కాము. 2007 ఆగస్టు 25న లేజర్ షో చూస్తున్న జనం మధ్య బాంబు పేలింది ఈ పార్కులోనే. క్యూలో నిలబడినప్పుడల్లా నాకది గుర్తొస్తుంది, పక్కవాళ్ళకి చెప్పను.

రోడ్డు మీద కారులో వెళ్తుంటే ఒక్కొక్కటే వచ్చి పోయేవి నీటి మీద నుంచి ఒకే చూపులో కనిపిస్తాయి. గుట్ట మీద 1976 నాటి తెల్లటి బిర్లా మందిరం. 2023 ఏప్రిల్లో రెండు వారాల తేడాతో వచ్చిన 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం, కొత్త సచివాలయం. పక్కనే సినిమా హాలు. "గుడి, రాజ్యాంగం, సర్కారు, సినిమా. ఇంకేం కావాలి నాన్నా?" అంది మా అమ్మాయి.

ఇంకోటి కూడా ఉంది, వాసన. పడవ కదలగానే పిన్నిగారు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు. వినాయక నిమజ్జనం వల్లే ఇదంతా అని మన హేతువాద మిత్రులు గట్టిగా అంటుంటారు. ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ బొమ్మలు, రంగులు చెరువుకి చేటే, సందేహం లేదు. 2021లో హైకోర్టు కూడా అలాంటి విగ్రహాలు ఇందులో వేయొద్దంది. కానీ కూకట్‌పల్లి నాలా ఏళ్ళ తరబడి మోసుకొచ్చిన మురుగు, ఫ్యాక్టరీల వ్యర్థాల మాటేమిటి? ఆ మురుగు ఆక్సిజన్ అందక కుళ్ళితే వచ్చేదే ఈ కోడిగుడ్ల కంపు. అందులో భక్తులదీ ఉంది, నాస్తికులదీ ఉంది. పండగ మీద విరుచుకుపడినంత ఉత్సాహంగా మనం నాలా గురించి మాట్లాడం.

సరే, పడవలో అసలు కాలక్షేపం విగ్రహం కథ. భువనగిరి దగ్గర రాయగిరి గుట్టలో దొరికిన ఒకే రాయితో గణపతి స్థపతి బృందం చెక్కిన బుద్ధుడు. ఎత్తు 58 అడుగుల దాకా, బరువు సుమారు 350 టన్నులు. 1990 మార్చి 10న బల్లకట్టు మీద తీసుకెళ్తుంటే, ఒడ్డుకి వంద మీటర్లయినా పోకముందే, ఒరిగి చెరువులో పడిపోయింది. పనివాళ్ళు కొందరు దానితో పాటే మునిగి చనిపోయారు.

ముహూర్తం బాగాలేదన్నాడు నా ముందు సీటాయన. "బుద్ధుణ్ణి కదిలించినందుకే రామారావు గారు ఓడిపోయారండీ" అన్నాడు ఇంకొకాయన. రామారావు గారు ఓడింది 1989 చివర్లో, విగ్రహం మునిగింది ఆ తరవాత. విగ్రహం పైకొచ్చి నిలబడ్డాక 1994లో ఆయన ఘనంగా గెలిచారు, 1995 ఆగస్టులో పదవి పోయింది. ఆ రెండుసార్లూ బుద్ధుడు అక్కడే, ఆ రాతి మీదే ఉన్నాడు. ఈ మాటే అంటే ఆయన నవ్వి, "మీకు నమ్మకం లేదు కాబట్టి అలా అంటారు" అన్నాడు. తేదీలకి నమ్మకంతో పనేమిటో!

జ్యోతిష్కులెవరైనా గమనించారో లేదో గానీ, 2011లో మిలియన్ మార్చ్ నాడు ట్యాంక్ బండ్ మీది విగ్రహాల్ని కూలగొట్టి కొన్నింటిని ఇదే చెరువులో పడేసింది కూడా మార్చి 10నే. వాళ్ళకి ఉచితంగా ఇస్తున్నాను, వాడుకోవచ్చు. ఏడాదికి ఉన్నవి 365 రోజులే, ఈ చెరువు చుట్టూ నాలుగున్నర శతాబ్దాల గొడవలు. రెండు ఒకే తేదీన పడటంలో వింతేమీ లేదు.

ఇక అసలు మహిమ: రెండున్నరేళ్ళు పైగా నీళ్ళలో ఉన్నా విగ్రహం చెక్కు చెదరలేదట! గ్రానైటుకి రెండున్నరేళ్ళు ఒక లెక్కా? 350 టన్నుల గ్రానైటు తన ఆకారమంత నీటిని, అంటే ఇంచుమించు 130 టన్నులని, పక్కకి నెడుతుంది. నీళ్ళలో దాని బరువు 220 టన్నులకు దిగుతుంది. నీరు దూకుడు తగ్గిస్తుంది, అడుగున పరుపులా బురద. పగిలి ఉంటేనే కారణం వెతకాలి. అన్నట్టు దీఘనికాయంలో కేవద్ధ సుత్తమని ఒకటుంది. భిక్షువుల చేత మహిమలు చూపిస్తే నలందలో జనం ఇంకా భక్తితో ఉంటారని ఒక గృహస్థు అడిగితే, అలాంటివి తనకు ఏవగింపని బుద్ధుడు ఒప్పుకోడు. ఆయన విగ్రహం కాళ్ళ దగ్గర మనవాళ్ళు చిల్లర విసిరి దణ్ణం పెట్టుకుంటున్నారు.

పిన్నిగారూ పెట్టుకున్నారు. ఆవిడ నిత్యం పూజ చేసుకునే మనిషి, నేను అడ్డు చెప్పను. కానీ తిరుగు పడవలో ఆవిడ అడిగిన మాట పడవలో ఇంకెవరూ అడగలేదు. "అల్లుడుగారూ, ఆ పోయినవాళ్ళ పెళ్ళాం పిల్లలు ఏమయ్యారంటారు?"

ముందు సీటాయన కిటికీలోంచి బయటికి చూశాడు. ముహూర్తం తప్పయితే ఎవరూ జవాబు చెప్పుకోనక్కర్లేదు. బల్లకట్టు మీద అంత బరువు ఎందుకు నిలవలేదు, దాని మీద అంతమంది మనుషులు ఎందుకున్నారు అని అడిగితే మాత్రం ఎవరో ఒకరు చెప్పుకోవాలి.

"మనిషి పోతే శాంతి చేయించి ఊరుకుంటారా అత్తయ్యగారూ, వాళ్ళని చూడొద్దూ?" అన్నాను.

"అదే నేననేది" అన్నారావిడ.

విగ్రహాన్ని మళ్ళీ పైకి తీసి, 1992 డిసెంబరు 1న జిబ్రాల్టర్ రాక్ మీద నిలబెట్టారు. అదే రాయి, అంతే బరువు, అదే చెరువు. ఈసారి ఒరగలేదు.