పేరు లేని డబ్బు, పేరున్న పాస్‌బుక్కు

మన ఇండ్లల్లో పట్టా పాస్‌బుక్కులు, బంగారం రసీదులు బీరువాలో భద్రంగా ఉంటాయి. డిగ్రీ చదివే పిల్లల బ్యాంకు పాస్‌బుక్కు, ఏటీఎం కార్డు మాత్రం ఎక్కడుంటాయో చాలామంది తల్లులకు తెలియదు. స్కాలర్‌షిప్పు కోసం తెరిచిన ఖాతా, అందులో ఉండేది ఐదారు వందలు, దాన్ని ఎవరెత్తుకుపోతారులే అనుకుంటాం. ఇప్పుడు ఆ ఖాళీ ఖాతాకే గిరాకీ వచ్చింది.

మా అక్క కొడుకు డిగ్రీ అయిపోయి ఏడాది దాటింది. అక్కా బావా పుణెలో బిల్డింగు పనికి పోయారు. వాడు కోస్గిలో మా దగ్గరే ఉండి ఉద్యోగాలకు అప్లికేషన్లు పెడుతున్నాడు. చెల్లెలి పెండ్లి దగ్గరికొస్తోంది, చేతిలో పైసా లేదు. ఒకరోజు వచ్చి నెమ్మదిగా అడిగాడు.

“చిన్నమ్మా, నాతోని చదివినోడు ఒకడు అడుగుతున్నడు. పాస్‌బుక్కు, ఏటీఎం కార్డు, ఖాతాకు లింకున్న సిమ్ము ఇస్తే చాలంట. నెలకు 20 వేలిస్తరంట.”

“ఎవరి పైసలురా అవి? ఏడికెళ్లి వస్తయి?”

“ఏమో చిన్నమ్మా. వచ్చినయి వచ్చినట్టే క్రిప్టోల మారుస్తరంట. దాంట్ల పేర్లుండవు, ఎవ్వరికీ దొరకదు అన్నడు.”

తిడితే ఇంకోసారి నాకు చెప్పడు. అందుకే నేను తిట్టలేదు. పక్కన కూర్చోబెట్టుకొని, ఆ “ఎవ్వరికీ దొరకదు” అన్న మాట ఎంతవరకు నిజమో వాడికి అర్థమయ్యేలా చెప్పాను. మీకూ అదే చెప్తాను.

మన మహిళా సంఘం పద్దు పుస్తకం గుర్తు చేసుకోండి. ఎవరు ఎంత పొదుపు కట్టారు, ఎవరు ఎంత అప్పు తీసుకున్నారు, అన్నీ అందరి ముందరా చదువుతారు. ఇప్పుడు ఆ పుస్తకంలో పేర్లకు బదులు నంబర్లు రాశారనుకోండి. పుస్తకం కాపీ ప్రతి సభ్యురాలి ఇంట్లో ఉందనుకోండి. ఒక్కసారి రాసిన లెక్కను ఎవరూ కొట్టివేయలేరు. బిట్‌కాయిన్ పద్దు అలాంటిదే. 2009 జనవరిలో మొదలైన నాటి నుంచి ఏ నంబరు నుంచి ఏ నంబరుకు ఎంత పోయిందో అంతా అందులో ఉంది. ఇంటర్నెట్టు ఉన్నవాళ్లెవరైనా చూడొచ్చు. దాగేది పేరొక్కటే, దారి దాగదు. ఫలానా నంబరు ఫలానావిడది అని ఒక్కసారి తెలిసిందా, ఆ నంబరు మీద జరిగిన పాత లెక్కలన్నీ కూడా ఆమెవే అని తేలిపోతుంది.

2016 ఆగస్టులో బిట్‌ఫినెక్స్ అనే ఎక్స్ఛేంజి నుంచి దాదాపు 1,20,000 బిట్‌కాయిన్లు దొంగతనానికి గురయ్యాయి. ఆ సొమ్ము ఏ నంబర్లలో కూర్చుందో ఏళ్ల తరబడి లోకమంతా చూస్తూనే ఉంది. 2022 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లో ఇల్యా లిచ్టెన్‌స్టైన్, హెదర్ మోర్గాన్ అనే భార్యాభర్తలను అరెస్టు చేశారు. 94,000కు పైగా బిట్‌కాయిన్లు దొరికాయి, అప్పటి విలువ 360 కోట్ల డాలర్లు. ఆ సొమ్ములో కొంచెంతో కొన్న వాల్‌మార్ట్ గిఫ్టు కార్డు కూడా వాళ్లను పట్టించిన ఆనవాళ్లలో ఒకటి. ఎన్ని కోట్లు దాచినా చివరికి సరుకులు కొనాలి కదా! 2024 నవంబరులో ఆయనకు 5 ఏళ్లు, ఆమెకు 18 నెలలు జైలుశిక్ష పడింది.

ఇది అమెరికా సంగతి అనుకోకండి. 2023 జులైలో హైదరాబాద్ పోలీసులు 712 కోట్ల రూపాయల మోసాన్ని బయటపెట్టారు. టెలిగ్రామ్‌లో “ఇంట్లో కూర్చొని రివ్యూలు రాయండి, రేటింగులు ఇవ్వండి” అని పిలవడం, మొదట కొంచెం లాభం చూపించడం, తర్వాత లక్షలు గుంజడం వాళ్ల పద్ధతి. దేశమంతటా దాదాపు 15 వేల మంది మోసపోయారు. ఆ డబ్బు మన దేశంలోని ఖాతాల్లో పడి, క్రిప్టోగా మారి, దుబాయి మీదుగా చైనాకు పోయింది. అందులో ఒక లావాదేవీ హిజ్బుల్లాకు చెందినదిగా గుర్తించిన వాలెట్‌తో కలిసిందని కూడా పోలీసులు చెప్పారు. చూశారా, పేర్లు లేకపోయినా దారి అంతదాకా కనబడింది.

మరి అరెస్టయింది ఎవరు? హైదరాబాద్, ముంబై, అహ్మదాబాద్‌లలో 9 మంది. ఖాతాలు సమకూర్చినవాళ్లూ వాళ్లలో ఉన్నారు. పైనున్న అసలు మనుషులు సరిహద్దు అవతలే ఉండిపోయారు. దారి కనబడినంత మాత్రాన మనిషి చేతికి చిక్కడు, పోయిన పైసలు తిరిగి రావు. రకరకాల సొమ్మును కలగలిపే మిక్సర్లున్నాయి, దారిని కూడా దాచే మొనెరో లాంటి నాణేలున్నాయి. వేరే దేశంలో నగదుగా మారిపోతే మన పోలీసుల చెయ్యి అందడం కష్టం. మన దగ్గర 2023 మార్చి నుంచి క్రిప్టో ఎక్స్ఛేంజీలు మనీ లాండరింగ్ చట్టం కిందికి వచ్చాయి. ఖాతాదారు ఎవరో వాళ్లు తెలుసుకోవాలి, అనుమానం వస్తే ప్రభుత్వానికి చెప్పాలి.

అంటే ఈ గొలుసులో ఆధార్, పాన్, ఫోటో, సంతకంతో సహా దొరికే పేరు ఒక్కటే. అది పాస్‌బుక్కు మీద ఉన్న పేరు. కంప్లయింటు రాగానే పోలీసులు మొదట చూసేది డబ్బు ఏ ఖాతాలో పడిందనే. మొదట స్తంభించేది ఆ ఖాతా, మొదట తట్టేది ఆ ఇంటి తలుపు.

పాలమూరు వాళ్లం మనం, ఇలాంటి లెక్క మనకు కొత్తది కాదు. వెనకట గుంపు మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి కాగితం మీద కూలీ వేలిముద్ర వేయించుకునేవాడు. పైనున్న పెద్ద కాంట్రాక్టరు ఎవరో కూలీకి తెలిసేది కాదు. ఏదైనా తేడా వస్తే దొరికేది వేలిముద్ర పెట్టినవాడే. ఆ మాట చెప్పగానే మావాడు తల వంచుకున్నాడు. వాళ్ల తాత అట్లా పోయినోడే. “నాది వేలిముద్ర అన్నట్టు” అన్నాడు. ఆ స్నేహితుడికి కుదరదని చెప్పేశాడు. పెండ్లి ఖర్చు అట్లనే ఉంది. అక్క ఇంకో రెండు నెలలు పుణెలోనే ఉంటానంది. ఆ 20 వేలు కాదనడం తేలికేం కాదు, మీకు అబద్ధం చెప్పను.

అందుకే పిల్లలను అనుమానించకుండా, పైసల కష్టం గురించి వాళ్లతో మాట్లాడండి. పాస్‌బుక్కు, కార్డు, సిమ్ము మూడూ ఎక్కడున్నాయో అడిగి చూడండి. “కమీషన్ ఇస్తం” అన్న మాట వింటే, పట్టుబడినప్పుడు ఎవరి పేరు చెప్తారో అడగమనండి. ఎవరైనా ఇప్పటికే మోసపోయి ఉంటే, పరువు పోతుందని దాచకుండా వెంటనే 1930కి ఫోన్ చేయండి. డబ్బు బ్యాంకు దాటి క్రిప్టోలోకి పోకముందే ఆపడానికి ఉన్న టైము కొద్దిసేపే.